బోర్డు మీద పేరు, పొయ్యి దగ్గర చెయ్యి

మీరు అడిగింది ఇది: "హైదరాబాద్‌లో చిన్న హోటల్ పెట్టబోతున్నాను, షట్టరు కూడా తీసుకున్నాను. బోర్డు మీద 'అచ్చమైన తెలంగాణ రుచులు' అని రాయాలని ఉంది. కానీ వంటకి దొరుకుతున్నవాళ్ళంతా ఒడిశా, బెంగాల్, జార్ఖండ్ కుర్రాళ్ళే. ఇది మోసం అవుతుందా? వలస, సామాజిక న్యాయం అని పెద్ద మాటలు వింటుంటాను. వాటికీ హోటల్‌కీ నిజంగా సంబంధం ఉందా?"

ముందు సూటిగా చెబుతాను. మోసం కాదు. నేర్పాల్సింది నేర్పితే ఒడిశాలోని గంజాం కుర్రాడు చేసిన గోలిచ్చిన (వేయించిన) మాంసం కూడా గోలిచ్చిన మాంసమే. రుచికి ఆధార్ కార్డు ఉండదు. అయితే ఆ కుర్రాడి జీతం ఎంత, ఎక్కడ పడుకుంటున్నాడు, మధ్యాహ్నం ఏం తింటున్నాడు అన్నవి బోర్డు మీది మాటకంటే చాలా పెద్ద ప్రశ్నలు. మీ రెండో ప్రశ్నకి జవాబు వాటిలోనే ఉంది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

నేను ఈ పనిలోకి వచ్చి 40 ఏళ్ళు దాటింది. 1983లో, 14 ఏళ్ళ వయసులో, నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఒక టిఫిన్ హోటల్లో టేబుళ్ళు తుడవడంతో మొదలుపెట్టాను. ఆ తర్వాత గ్రైండర్, తర్వాత దోసె పెనం, తర్వాత మాస్టర్. ఇప్పుడు రెండు మెస్సుల కిచెన్లు చూసుకుంటున్నాను.

మా ఊళ్ళో బస్సు ఆగే చోట ఒక చాయ్ హోటల్ ఉండేది. గడ్డి కప్పు. లోపల బల్లలు ఊళ్ళోవాళ్ళకి. మా వాడవాళ్ళకి బయట బండ. లోపలివాళ్ళకి గాజు గ్లాసులు, మాకు చూరులో గుచ్చిపెట్టిన సత్తు గ్లాసులు. ఎవరి గ్లాసు వాళ్ళే తీసుకుని, తొట్టి దగ్గర కడుక్కుని, కింద పెట్టి పక్కకి జరగాలి. ఆయన పైనుంచి పోసేవాడు. తాగి మళ్ళీ కడిగి చూరులో గుచ్చాలి. డబ్బులు చేతికి ఇవ్వకూడదు, గట్టుమీద పెట్టాలి. నేను తాగే గ్లాసు అంచు సొట్టపోయి ఉండేది, వేడి చాయ్ తాగుతుంటే కింది పెదవికి గుచ్చుకునేది. ఇప్పటికీ ఎక్కడైనా సత్తు గ్లాసు కనబడితే నా చెయ్యి ముందు దాని అంచు తడుముతుంది.

మా నాయన పాలమూరు లేబర్. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీలు ఉండేవాళ్ళని మీరు వినే ఉంటారు. ఆయన హైదరాబాద్‌లో మట్టిపనికి వచ్చిన కొత్తలో మేస్త్రీ వెంట ఒక ఇరానీ హోటల్లోకి వెళ్ళాడట. పాలరాతి టేబులు, చెక్క కుర్చీ. కూర్చోవాలా వద్దా అని నిలబడితే మేస్త్రీ భుజం పట్టి కూర్చోబెట్టాడు. సప్లయర్ కప్పు, సాసరు తెచ్చి అందరి ముందూ పెట్టినట్టే నాయన ముందు కూడా పెట్టాడు. తాగడం అయ్యాక నాయన కప్పు చేతిలో పట్టుకుని నీళ్ళ తొట్టి కోసం వెతుకుతుంటే, సప్లయర్ వచ్చి "రఖో భాయ్, మై ధోతా" అని కప్పు తీసుకున్నాడు. ఇంతే జరిగింది. కానీ ఈ సంగతి మా నాయన చనిపోయేదాకా ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "నేను తాగిన కప్పు ఇంకొకడు కడిగిండు" అనేవాడు.

ఆ ఇరానీ హోటల్ ఎక్కడిది? అది కూడా వలసే. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఇరాన్‌లోని యజ్ద్ వైపు నుంచి పేదరికం తట్టుకోలేక జొరాస్ట్రియన్లు, షియా ముస్లిములు బొంబాయి చేరారు, అక్కణ్ణుంచి పుణె, ఆపైన హైదరాబాద్. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నుంచీ ఉంది. వాళ్ళకి మన ఊరి కట్టుబాట్లతో పనిలేదు. వచ్చినవాడు ఏ వాడవాడో వాళ్ళు అడగలేదు, అడిగినా అర్థమయ్యేది కాదు. పాలు ఒక గిన్నెలో మరుగుతూ, డికాక్షన్ ఇంకో గిన్నెలో దమ్ మీద ఉండి, రెండూ కప్పులోనే కలిసే ఆ చాయ్‌ని ఈ ఊరి రుచి అంటాం. నా మట్టుకు ఆ చాయ్ కంటే ఆ కుర్చీ గొప్పది. ఆడవాళ్ళకి మాత్రం ఆ గౌరవం పూర్తిగా దక్కలేదు. వాళ్ళు తెర వెనక ఫ్యామిలీ రూములోనే కూర్చోవాలి. అది కూడా చెప్పుకోవాలి.

హోటల్లో ఎవరు కూర్చోవచ్చు అన్నది మన దక్షిణాదిలో పోరాడి తేల్చుకున్న విషయం. హోటళ్ళకి ముందు దారినపోయేవాళ్ళకి పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి, అందులో చాలావాటిని వితంతువులు నడిపేవారు. అక్కడ కులాన్ని బట్టే విస్తరి. తర్వాత ఉడుపి వైపు నుంచి వలస వచ్చినవాళ్ళు మద్రాసులో, బొంబాయిలో, మన పట్టణాల్లో ఇడ్లీ-దోసె హోటళ్ళు పెట్టారు. శుభ్రం, తక్కువ ధర, చకచకా సర్వీసు వాళ్ళు నేర్పినవే. నేను కూడా అలాంటి మాస్టర్ దగ్గరే పిండి రుబ్బడం నేర్చుకున్నాను. కానీ ఆ రోజుల్లో చాలాచోట్ల బ్రాహ్మణులకి వేరే గది, వేరే వరస. రైల్వే స్టేషన్ భోజనశాలల్లో కూడా ఉండేది. ద్రావిడ ఉద్యమం దానిమీద గట్టిగా పోట్లాడాక 1941లో రైల్వే వాళ్ళు తీసేశారు. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక కేఫ్ బోర్డు మీద 'బ్రాహ్మణ హోటల్' అన్న మాట తీసేయాలని ఆ ఉద్యమ నాయకుడు పెరియార్ రోజుల తరబడి ఆందోళన నడిపించారు. ఒక్క మాట కోసం అంత గొడవ ఎందుకు అని నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు అడుగుతారు. ఆ ఒక్క మాటే మా ఊళ్ళో చూరులో గ్లాసు అయింది అని చెబుతాను.

చట్టం సంగతికి వస్తే, రాజ్యాంగం 15వ అధికరణంలోనే హోటళ్ళు, దుకాణాల పేరు తీసి మరీ రాశారు, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని. 1955 చట్టం హోటల్లో గిన్నెలు, గ్లాసులు వేరుగా పెట్టడాన్ని నేరం చేసింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కులవివక్ష మీద జస్టిస్ పున్నయ్య కమిషన్ తిరిగినప్పుడు, అంటే 2000 ప్రాంతంలో కూడా, రెండు గ్లాసుల పద్ధతి నడుస్తున్న ఊళ్ళు బయటపడ్డాయి. ఆ తర్వాత యూజ్ అండ్ త్రో కప్పులు వచ్చాయి. అందరికీ ఒకటే కప్పు అయింది. గ్లాసు పోయింది సరే, మనసులోంచి పోయిందా అన్నది ఆ కప్పు వల్ల తెలియకుండా పోయింది. మీ హోటల్లో స్టీలు గ్లాసులే పెట్టండి. అందరి గ్లాసులూ ఒకే తొట్టిలో కడగండి. పని ఎక్కువే, నాకు తెలుసు.

ఇక రుచుల దగ్గరికి వస్తాను. హైదరాబాద్ రుచి అని మనం గొప్పగా చెప్పుకునేవాటిలో ఎవరో ఒకరు మూట నెత్తిన పెట్టుకుని తెచ్చినవే ఎక్కువ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు ఉండే చోటు బార్కస్, అంటే బ్యారక్స్. వాళ్ళ గోధుమ-మాంసం వంటకం హరీసే ఇక్కడ మసాలా, నెయ్యి కలుపుకుని హలీం అయింది, 2010లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇవాళ ప్రతి జిల్లా కేంద్రంలో కనబడే మండి కూడా ఆ అరబ్బు పళ్ళెమే. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టింది. పోగొట్టుకున్న ఊరి పేరు దుకాణానికి పెట్టుకున్నారు. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరులో ఆ పేరు మీద గొడవ చేస్తే, బోర్డు మీద 'కరాచీ' అన్న అక్షరాలు కప్పేయాల్సి వచ్చింది. కాందిశీకులుగా వచ్చి మన దేశంలో 70 ఏళ్ళు బిస్కెట్లు అమ్మినవాళ్ళు తమ ఊరి పేరుకి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

మీ బోర్డు మీద 'తెలంగాణ' ఉంటుందన్నారు కాబట్టి జొన్నరొట్టె గురించి కాస్త వివరంగా రాయాలి. నా చిన్నతనంలో మా ఇంట్లో తెల్లన్నం పండక్కే. రోజూ జొన్నరొట్టె, లేదంటే జొన్నరవ్వ గట్క. నేను పట్నం వచ్చిన 1983లోనే ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. మా అమ్మ మొదటి నెల బియ్యం తెచ్చిన రోజు ఇరుగుపొరుగుని పిలిచి వండిపెట్టింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. కానీ ఆ బియ్యంతోనే మా ఇంట్లో ఇసుర్రాయి మూలపడింది, జొన్న తగ్గింది. అంతకుముందే 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద కోస్తా రైతులు వచ్చి క్యాంపులు కట్టుకుని వరి పండించడం, గోంగూర, ఆవకాయ, పప్పుతో నిండు భోజనం పెట్టే మెస్సులు పట్టణాల్లో వెలవడం జరిగింది. తుంగభద్ర కింద కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు కూడా ఇలాగే ఆంధ్రా క్యాంపులు ఉన్నాయి. ఆ రైతులు కష్టజీవులు, వాళ్ళ వంట గొప్పది. అయితే దాని పక్కన మా సర్వపిండి, మా పచ్చిపులుసు హోటల్ మెనూ ఎక్కడానికి చాలా కాలం పట్టింది. నేను మాస్టర్‌గా ఉన్న 1990లలో ఒక ఓనరుకి జొన్నరొట్టె పెడదాం అని చెబితే "కూలోళ్ళ తిండి ఎవడు కొంటాడు" అన్నాడు. ఉద్యమం నడిచి, 2014లో రాష్ట్రం వచ్చాక, సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, నాటుకోడి, రొట్టె పెట్టే హోటళ్ళు ఒక్కసారిగా పెరిగాయి. మన తిండికి మర్యాద రావడానికి రాజకీయం కావాల్సి వచ్చింది.

ఆ రొట్టె ఎవరు చేస్తున్నారో చూడండి. చీకటి పడే వేళకి కాలనీ రోడ్ల మూలల్లో ఒక స్టూలు, గ్యాస్ పొయ్యి, పెద్ద పెనం పెట్టుకుని కూర్చునే అమ్మలు. నాకు తెలిసినవాళ్ళలో పాలమూరు, సంగారెడ్డి, బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. జొన్నపిండిలో గోధుమకి ఉన్న సాగుడు ఉండదు. అందుకని మరిగే నీళ్ళు పోసి, చెయ్యి పట్టేంత వేడిగా ఉండగానే అరచేతి మడమతో మెదపాలి. పొడిపిండి చల్లి రెండు చేతులా తడుతూ తిప్పుతుంటే రొట్టె తనంతట తానే గుండ్రంగా పెరుగుతుంది. పెనం మీద వేశాక పైన నీళ్ళు తడిపి, అవి ఇంకీ ఇంకకముందే తిప్పాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే బీటలు. నాకు 40 ఏళ్ళ అనుభవం ఉంది, వాళ్ళంత పల్చగా నేను తట్టలేను. మా వీధి చివర కూర్చునే ఒక అమ్మ చూపుడువేలి కొన ఎప్పుడూ నల్లగా కమిలి ఉంటుంది. పెనం మీద రొట్టె జరపడానికి గరిటె వాడదు.

ఇప్పుడు లెక్క చూడండి. తందూరు దగ్గర నిలబడే మగాయన 'తందూర్ మాస్టర్'. రొట్టె కొట్టే ఆవిడ 'రొట్టెల ఆమె'. ఇద్దరూ చేసేది రొట్టే, నిప్పు దగ్గర పనే. నేను చూసిన చాలా కిచెన్లలో ఆమె జీతం ఆయన జీతంలో సగం. కూరగాయలు తరిగే, గిన్నెలు తోమే ఆడవాళ్ళు ఎన్నేళ్ళు చేసినా 'మాస్టర్' కారు. మా మెస్సులో ఆరేళ్ళ కిందట ఇద్దరి జీతాలూ సమానం చేశాం. కొంచెం గొడవ అయింది, తర్వాత సర్దుకుంది. మీరు మొదటి రోజు నుంచే అలా పెట్టుకుంటే ఆ గొడవ కూడా ఉండదు. రోడ్డు పక్కన కూర్చునేవాళ్ళకి 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ళే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. అయినా ఆక్రమణల తొలగింపు అని మున్సిపాలిటీ వ్యాను ఏది వచ్చినా ముందు ఎత్తుకుపోయేది ఆమె పెనాన్నే. ఆమెని మీ హోటల్లో పనికి తీసుకోవడం వేరు, ఆమె దగ్గర చవగ్గా కొని మీ ప్లేట్లో మూడింతలకి అమ్మడం వేరు. రెండోది చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

మెనూ కార్డు గురించి ఒక మాట. ఊళ్ళో తిరిగి హోటళ్ళ పేర్లు చదవండి. రెడ్డి మెస్సు కనబడుతుంది, చౌదరి గారి పేరు కనబడుతుంది, రాజుగారి కోడి పలావ్ కనబడుతుంది, బ్రాహ్మణ భోజనం కనబడుతుంది. మాల, మాదిగ పేరు మీద బోర్డు చూశారా? నేను చూడలేదు. బోటి, తలకాయ, కాళ్ళు, నల్ల (రక్తం), కార్జం వండి రుచి పుట్టించింది వాళ్ళే. మంచి ముక్క దొరకని ఇళ్ళలో మిగిలిందాన్ని కడిగి, ఉడికించి, గంటలకొద్దీ ఓపికతో తయారైన వంటలవి. ఇవాళ ఆ బోటిఫ్రై ఆదివారం స్పెషల్. వండిన చేతుల పేరు మాత్రం లేదు. పెద్దకూర (బీఫ్) సంగతి ఇంకా కష్టం. మా ఇంట్లో వానాకాలానికి తునకలు ఎండబెట్టుకునేవాళ్ళం, తీగ మీద వరసగా. పాతబస్తీలో కల్యాణి బిర్యానీ తరాలుగా బీదవాళ్ళ కడుపు నింపింది. బీదర్ వైపు కల్యాణి నుంచి వచ్చిన నవాబుల దేవిడీ(బంగళా)లో పుట్టిందని చెబుతారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు మా తిండి కూడా హాస్టల్ మెనూలో ఉండాలని బీఫ్ ఫెస్టివల్ పెడితే కొట్లాటలు, కత్తిపోటు దాకా వెళ్ళింది. మీరు మీ మెనూలో ఏం పెట్టాలన్నది మీ ఇష్టం, ఏది పెట్టకపోయినా తప్పు లేదు. 'ప్యూర్' అన్న మాట మాత్రం వాడకండి. 'శాకాహారం' అని రాయండి, చాలు. 2024 మార్చిలో ఒక పెద్ద డెలివరీ కంపెనీ శాకాహారం తెచ్చే కుర్రాళ్ళకి వేరే పచ్చ చొక్కా అని ప్రకటించి, విమర్శలు రాగానే మర్నాడే ఆ చొక్కా వెనక్కి తీసుకుంది. మిగతా కుర్రాళ్ళది ఎర్ర చొక్కా. అది వేసుకున్న కుర్రాణ్ణి ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆపుతారో అన్న భయం ఉత్తది కాదు. నేను చూరు కింద పెరిగినవాణ్ణి, ఆ భయం నాకు తెలుసు.

వండే చెయ్యి ఎవరిది అన్న ప్రశ్న బడి దాకా వెళ్ళింది. మధ్యాహ్న భోజనం కేసులో 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. దళిత మహిళ వండితే మా పిల్లలు తినరు అని దేశంలో చాలాచోట్ల పళ్ళేలు పక్కకి నెట్టారు. కానీ అదే పథకంలో లక్షలమంది పిల్లలు ఒకే వరసలో కూర్చుని తిన్నారు కూడా. మా అక్క ఊరి బడిలో 11 ఏళ్ళు వండింది. మొదటి ఏడాది ముగ్గురు పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేవాళ్ళట. రెండో ఏడాదికి వాళ్ళే సాంబారు మారు అడిగారు.

ఈ కథ మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ మొదటి విడత కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో విశాఖ, గోదావరి వైపు తెలుగువాళ్ళు చెరకు తోటల పనికి చాలామంది వెళ్ళారు. డర్బన్‌లో ఇప్పటికీ 'బన్నీ చౌ' అనే తిండి అమ్ముతారు. బ్రెడ్డు మధ్యలో తవ్వి అందులో కూర పోస్తారు. హోటల్లోకి నల్లవాళ్ళని రానివ్వని రోజుల్లో, ప్లేటు అక్కర్లేకుండా చేతిలో పెట్టి పంపడానికి పుట్టిందని అక్కడ చెప్పుకుంటారు. చెరకు తోటకి కూర మోసుకెళ్ళడానికి పుట్టిందని ఇంకో మాట. ఏది నిజమైనా, కూర్చోవడానికి చోటు లేనివాడి భోజనం అది.

ఇప్పుడు మీ కిచెన్‌కి వస్తాను. నేను చేరినప్పుడు మా హోటల్లో పనివాళ్ళంతా పాలమూరు, నల్గొండ, శ్రీకాకుళం వాళ్ళం. మా పిల్లలు చదువుకున్నారు, గల్ఫ్ వెళ్ళారు, వేరే పనుల్లోకి పోయారు. ఆ ఖాళీలోకి ఒడిశా, జార్ఖండ్, బెంగాల్, అస్సాం, నేపాల్ కుర్రాళ్ళు వచ్చారు. ఒకప్పుడు మేము నిలబడిన చోటే ఇప్పుడు వాళ్ళు నిలబడ్డారు, అందుకే వాళ్ళని పరాయివాళ్ళు అంటే నాకు నచ్చదు. పైగా గంజాం వాళ్ళు మనకి కొత్త కాదు. 1936 దాకా ఆ జిల్లా కోస్తా ఆంధ్రతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. బరంపురంలో తెలుగు బాగా వినబడుతుంది.

మా దగ్గర ఒక గంజాం కుర్రాడు చేరిన కొత్తలో, ఎండాకాలం, బ్రేక్ టైములో పక్క గల్లీలో బకెట్ బోర్లించుకుని ఏదో తింటున్నాడు. మమ్మల్ని చూసి గిన్నె వెనక్కి దాచాడు. చూస్తే రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి నానబెట్టింది, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. వాళ్ళు దాన్ని పఖాళ అంటారు. "దాస్తావెందుకురా, మా చద్దన్నమే కదా" అని నేనూ ఒక ముద్ద అడిగి తిన్నాను. పాత హోటల్లో మిగిలిన అన్నం తింటే దొంగతనం కింద జీతం కోశారట, అందుకని దాచాడు. ఆ వేసవి నుంచి మా మెస్సులో మధ్యాహ్నం స్టాఫ్‌కి పెద్ద కుండలో చద్దన్నం పెడుతున్నాం, పెరుగు కలిపి, మామిడికాయ ముక్క వేసి. రెండో ఏడాది కస్టమర్లు అడిగితే మెనూలో పెట్టాం. కార్డు మీద 'పఖాళ - చద్దన్నం' అని రెండు పేర్లూ రాశాం.

2020 లాక్‌డౌన్ గుర్తుంది కదా. రాత్రికి రాత్రి హోటళ్ళు మూసేశారు. రూములో 12 మంది కుర్రాళ్ళు, చేతిలో అడ్వాన్స్ అయిపోయి, ఇంటినుంచి ఫోన్లు. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకి బయల్దేరింది, సుమారు 1,200 మందితో. దానికి ముందు నెలకి పైగా వాళ్ళు ఎలా గడిపారో మనం చూశాం. ములుగు వైపు మిరప కోతకి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బిడ్డ, 12 ఏళ్ళది, అడవిదారిన నడుచుకుంటూ ఇంటికి వెళ్తూ ఊరు చేరకముందే ప్రాణం విడిచింది. మన వంటింటి కారం పొడి వెనక అలాంటి చేతులు ఉన్నాయి. ఆ వార్త చదివిన రోజు నేను పచ్చడి రోలు ముట్టుకోలేకపోయాను. రెండు నెలలు దాటాక హోటళ్ళు తెరవగానే వాళ్ళు లేక పొయ్యి వెలగలేదు. అప్పుడు ఓనర్లు టికెట్లు కొని మరీ పిలిపించారు. వలస కూలీల కోసం 1979లోనే ఒక చట్టం వచ్చింది, ఒడిశా 'దాదన్' కూలీల, అంటే ఏజెంటు అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళే కూలీల కష్టాలు చూశాకే. కాంట్రాక్టరు దారి ఖర్చు, పని లేని ప్రయాణ రోజుల జీతం ఇవ్వాలని అందులో ఉండేది. 2020లో చేసిన లేబర్ కోడ్‌లో దాన్ని కలిపేశారు. నా 40 ఏళ్ళలో ఒక్క ఏజెంటు కూడా ఆ డబ్బు ఇవ్వడం నేను చూడలేదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇలా ఉంటుంది. ఏజెంటుకి కాకుండా కుర్రాడి సొంత ఖాతాలోకే జీతం వేయండి. వారానికి ఒక సెలవు, రోజుకి 8 గంటలు అని షాపుల చట్టంలో ఉంది, అది దాటితే రెట్టింపు ఇవ్వాలి. బ్రేక్ డ్యూటీ పేరుతో పొద్దున 6 నుంచి రాత్రి 11 దాకా నిలబెట్టడం ఈ ఊళ్ళో మామూలైపోయింది, అలవాటు కదా అని మీరూ మొదలుపెట్టొద్దు. పదిమంది గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే ఈఎస్ఐ (పనివాళ్ళ ఆరోగ్య బీమా) కట్టండి. నూనె కాలిన చేతికి సొంత డబ్బుతో మందు కొనుక్కునే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఆధార్ కార్డులు తీసి దగ్గర పెట్టుకోవద్దు, అది వాళ్ళని కట్టేసినట్టే. బోర్డు మీద 'తెలంగాణ వంటలు' అని ధైర్యంగా రాయండి, లోపల మెనూ వెనక పేజీలో వండేవాళ్ళ పేర్లు, వాళ్ళ ఊళ్ళు రాయండి, వాళ్ళకి ఇష్టమైతేనే. మా దగ్గర రాశాక ఒక కుర్రాడు ఆ పేజీ ఫొటో తీసి వాళ్ళమ్మకి పంపాడు. ఆమెకి చదువు రాదు, తెలుగు అసలే రాదు. కొడుకు పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమని పక్కింటి పిల్లని అడిగిందట.

ఖర్చు పెరుగుతుందా అంటే పెరుగుతుంది. ప్లేటు మీద కొన్ని రూపాయలు ఎక్కువ పడతాయి. మాకు మొదటి మూడు నెలలు లాభం తగ్గింది. కానీ మనుషులు మారకుండా ఉన్నారు, దాంతో రుచి కూడా మారకుండా ఉంది. ఇవాళ ఈ ఊళ్ళో హోటళ్ళు మూతపడటానికి నేను చూసిన మొదటి కారణం మాస్టర్ వెళ్ళిపోవడమే.

ఇంకొక్కటి. షట్టరు తీసుకున్నారంటున్నారు కాబట్టి ప్లాన్ ఇంకా గీయించి ఉండరు. చాలామంది కిచెన్, వాష్, స్టోర్, కౌంటర్ గీసి, స్టాఫ్ తినడానికి జాగా మర్చిపోతారు. తర్వాత వాళ్ళు గల్లీలో బకెట్ల మీద కూర్చుంటారు. 6 అడుగులు ఇంటు 8 అడుగులు వదలండి, ఫ్యాను పెట్టండి, కస్టమర్లకి కొన్న బల్లల్లోంచే ఒక బల్ల అక్కడ వేయండి, వేరే రకం కొనొద్దు. ప్లాన్ గీయించాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.